నల్లబడ్డ పెనమే మంచి పెనం

నాన్‌స్టిక్ పెనానికి కొన్న రోజే అన్నిటికన్నా మంచి రోజు. ఆ రోజు దాని మీద వేసిన దోసె ఎంత సులువుగా లేస్తుందో, ఆ తర్వాత ఎప్పుడూ అంత సులువుగా లేవదు. అక్కణ్ణుంచి ప్రతి వాడకానికీ పూత కాస్త కాస్త అరుగుతుంది, గీతలు పడతాయి, మధ్యలో అంటుకోవడం మొదలవుతుంది, చివరికి అటక మీదికో చెత్తబండిలోకో పోతుంది. ఇనప పెనం సరిగ్గా దీనికి ఎదురు. కొన్న రోజున అది అన్నిటికన్నా మొండిగా ఉంటుంది. మొదటి అట్టు ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది, రెండోదీ అంతే. నెల తిరిగేసరికి దారికొస్తుంది. ఏడాది దాటాక అంచు దగ్గర అట్లకాడ ఇలా ఆనిస్తే చాలు, అట్టు తనంతట తానే లేచి వస్తుంది.

ఇనప సామాను మళ్లీ ఇళ్లలోకి ఎందుకు వస్తోందని అడిగితే చాలామంది చెప్పే కారణాలు ఇవే. ఒంటికి ఐరన్ పడుతుందని, నాన్‌స్టిక్‌లో విషం ఉందని, అమ్మమ్మల కాలం నాటి రుచి వస్తుందని. వీటిలో కొంత నిజం ఉంది, కొంత లేదు. నా నమ్మకం మాత్రం వేరు. ఇనప పెనం ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే, పాడైనప్పుడు దాన్ని బాగుచేసుకోవడానికి కావాల్సినవన్నీ అదే వంటింట్లో ఉన్నాయి కాబట్టి. కాస్త నూనె, ఒక పాత గుడ్డ, పొయ్యి. వంట జరిగే ఆ నల్లటి పైపొర ఫ్యాక్టరీ ఇచ్చింది కాదు, వండే మనిషి తన చేత్తో కట్టుకున్నది. కాబట్టి పోయినా మళ్లీ కట్టుకోవచ్చు. వంటింట్లో ఇంకే పాత్ర గురించీ ఈ మాట అనలేం.

ముందు రెండు రకాల ఇనుము సంగతి. పోత ఇనుములో, కొన్నిచోట్ల బీడు అంటారు, కార్బన్ 3 శాతం పైన ఉంటుంది. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. కార్బన్ అంత కలిసేసరికి 1150, 1200 డిగ్రీలకే కరిగి, ఇసుక మూసలోకి నీళ్లలా పారుతుంది. చల్లారేటప్పుడు ఎక్కువైన కార్బన్ గ్రాఫైట్ రేకులుగా విడిపోయి లోపలే ఇరుక్కుంటుంది. విరిగిన పోత పెనం అంచు ఎప్పుడైనా చూడండి, బూడిద రంగులో గరుగ్గా ఉంటుంది. ఆ రేకుల వెంబడే పగులు పాకుతుంది. బాగా కాలిన పోత పెనాన్ని కుళాయి కింద పెడితే టప్పుమని బీటవేసేది అందుకే. కింద పడేస్తే విరిగేదీ అందుకే. కార్బన్ స్టీలులో కార్బన్ ఒక శాతం లోపే ఉంటుంది. అది రేకుగా సాగుతుంది, సుత్తి దెబ్బకు వంగుతుంది, కింద పడితే సొట్ట పడుతుందే తప్ప విరగదు. రోడ్డు పక్కన గుడారాలు వేసుకుని, కొలిమి ఊదుతూ బాండీలు, గొడ్డళ్లు సాగగొట్టి అమ్మే సంచార కమ్మర్ల దగ్గర దొరికేది ఈ సాగే రకమే. సాయంత్రం పూట ఫాస్ట్‌ఫుడ్ బండి మీద ఫ్రైడ్ రైస్ ఎగరేసే పల్చటి బాండీ కూడా ఇదే జాతి. పోతది బరువు, నిదానం. స్టీలుది తేలిక, చురుకు. మంట తగ్గిస్తే పోత పెనం చాలాసేపటికి గానీ ఒప్పుకోదు, స్టీలు బాండీ వెంటనే మాట వింటుంది. తుప్పు పట్టడంలోనూ, నూనె పట్టడంలోనూ మాత్రం రెండూ ఒకటే.

నూనె పట్టడం అంటే ఇనుములోని రంధ్రాల్లోకి నూనె ఇంకడమని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. నూనెను పల్చగా రాసి పొగ వచ్చేదాకా వేడి చేస్తే, అందులోని అసంతృప్త కొవ్వులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానికొకటి అల్లుకుపోయి గట్టి పొరగా మారతాయి. చెక్కకు రాసిన అవిసె నూనె ఆరి గట్టిపడేది కూడా ఈ రసాయన చర్య వల్లే. అలా మారాక అది ఇక నూనె కాదు. వేలితో రుద్దితే జిడ్డు అంటదు, నీళ్లతో కడిగితే పోదు.

ఇది కళ్లారా చూడాలంటే కొత్త కార్బన్ స్టీలు పెనం కొనాలి. ఫ్యాక్టరీ వాళ్లు తుప్పు పట్టకుండా పూసిన మైనాన్నో నూనెనో వేణ్ణీళ్లతో, సబ్బుతో పూర్తిగా వదిలించి, ఆరబెట్టి, పెద్ద మంట మీద ఖాళీగా పెట్టండి. మొదట ఏమీ ఉండదు. కాసేపటికి మధ్యలో లేత గడ్డి రంగు పుడుతుంది. అది గోధుమ రంగులోకి, ఊదాలోకి తిరిగి, ఉన్నట్టుండి నెమలికంఠం నీలంలోకి మారుతుంది. ఆ నీలం మెల్లగా అంచులకు పాకుతుంటే, మధ్యలో మళ్లీ బూడిద రంగు వస్తుంది. గడ్డి రంగు వచ్చేసరికి ఇనుము సుమారు 230 డిగ్రీల దగ్గర ఉంటుంది, నీలం వచ్చేసరికి 300 దగ్గర. పైన ఆక్సైడ్ పొర మందం పెరిగే కొద్దీ వెలుతురు ఒక్కో రంగులో తిరిగొస్తుంది. ఉలికో కత్తికో పదును పెట్టే కమ్మరి వేడిని అంచనా కట్టేది ఈ రంగులు చూసే. థర్మామీటర్లు పుట్టకముందు నుంచీ ఇదే లెక్క.

రంగు పెనమంతా పాకాక మంట తగ్గించి, నాలుగు చుక్కల నూనె వేసి గుడ్డతో అంతటా రాయాలి. తర్వాత ఇంకో పొడి గుడ్డ తీసుకుని, పొరపాటున నూనె పడిందన్నట్టుగా మొత్తం తుడిచేయాలి. తుడిచేశాక కూడా మిగిలే ఆ కనీకనిపించని పొరే మనకు కావాల్సింది. చాలా పెనాలు పాడయ్యేది ఇక్కడే. నూనె ఎక్కువైతే పొర గట్టిపడదు, బంకగా మిగిలి చేతికి అంటుకుంటుంది, తర్వాత పెచ్చులుగా ఊడుతుంది. సన్నగా పొగ లేచి, ఆ పొగ తగ్గిపోయేదాకా ఆగి, మళ్లీ రాయాలి. మూడు నాలుగు విడతలకు పెనం ముదురు గోధుమ రంగుకు వస్తుంది. నల్లబడడం తర్వాత వంటల్లో అదే జరుగుతుంది. పొద్దుతిరుగుడు నూనె ఈ పనికి చాలా బాగుంటుంది, వేరుశనగ నూనె కూడా పనికొస్తుంది. కొబ్బరి నూనెలో దాదాపు అంతా సంతృప్త కొవ్వే కాబట్టి పొర సరిగా కట్టదు. అవిసె నూనె గట్టి పొరే కడుతుంది కానీ, కొన్నాళ్లకు పెచ్చులూడుతుందని నా అనుభవం. ఇంట్లో వేపుళ్లకు వాడే నూనే దీనికీ వాడుకోమంటాను.

మన ఇళ్లలో పాత పద్ధతి ఇంకోలా ఉండేది. కొత్త పోత పెనం తెస్తే అన్నం వార్చిన గంజి పోసి రెండు మూడు రోజులు నానబెట్టేవాళ్లు. గంజి పులిసి, అందులో పుట్టిన కొద్దిపాటి ఆమ్లం పెనం మీది తుప్పును, మూసలోంచి వచ్చిన మసిని వదిలిస్తుంది. తర్వాత నూనె రాసి ఎండలో పెట్టి, ఉల్లిపాయలు మాడ్చి పారేసి, అప్పుడు మొదటి అట్టు పోసేవాళ్లు. అందులో ప్రతి మెట్టుకూ ఒక అర్థం ఉంది. ఒక్క ఎండలో పెట్టడమే ఎక్కువ కాలం పట్టే పని. పొయ్యి మీద గంటలో అయ్యేది ఎండకు రోజులు పడుతుంది.

ఇప్పుడు దోసె దగ్గరికి వద్దాం. ఇనుము వేడిని అంతటా సమంగా పంచుతుందని అమ్మేవాళ్లు రాస్తుంటారు. ఇది తప్పు. అల్యూమినియంతో పోలిస్తే ఇనుము వేడిని నాలుగో వంతు కూడా ప్రవహింపనివ్వదు. చిన్న బర్నరు మీద పెద్ద పోత పెనం పెట్టి, ఆత్రంగా పెద్ద మంట వేస్తే మధ్యలో మాడుతుంది, అంచుల్లో పచ్చిగా మిగులుతుంది. దాని బలం వేరే చోట ఉంది, బరువులో.

లెక్క వేసి చూద్దాం. ఒక పెద్ద దోసెకు వంద గ్రాముల పిండి పోశామనుకోండి. అది కాలే లోపు ముప్ఫై గ్రాముల నీరు ఆవిరి కావాలనుకోండి. వేడిని జౌళ్లలో కొలుస్తారు, ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,260 జౌళ్లు కావాలి. అంటే దోసెకు 68 కిలోజౌళ్ల దాకా. రెండు కిలోల ఇనప పెనం 50 డిగ్రీలు చల్లబడితే సుమారు 46 కిలోజౌళ్లు విడుస్తుంది. దోసెకు కావాల్సిన దానిలో మూడింట రెండు వంతులు పెనం తన పొదుపులోంచే తీసి ఇస్తుందన్నమాట, మంట మిగతాది చూసుకుంటుంది. ఆరు వందల గ్రాముల అల్యూమినియం నాన్‌స్టిక్ పెనం అదే 50 డిగ్రీలు చల్లబడితే వచ్చేది 27 కిలోజౌళ్లే. నిజానికి గ్రాముకు గ్రాము తూచి చూస్తే అల్యూమినియమే ఇనుము కన్నా రెట్టింపు వేడిని పట్టుకుంటుంది. కానీ అల్యూమినియం పెనాన్ని ఎవరూ రెండు కిలోల మందాన చేయరు. పైగా నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా బాగా కాల్చకూడదు కాబట్టి, దాచుకోవడానికి కూడా దానికి అంత వేడి ఉండదు. దోసె దాని మీద కాలకుండా ముందు ఉడుకుతుంది. పైకి రంగు వచ్చినా కొరికితే మెత్తగా సాగుతుంది.

హోటల్ పెనం చూసినవాళ్లకు ఈ లెక్క అక్కర్లేదు. అర అంగుళం, ఆ పైన మందం ఉన్న ఉక్కు పలక, కింద మంట ఆగకుండా మండుతూనే ఉంటుంది. దోసె మాస్టరు చేత్తో నీళ్లు చిలకరిస్తాడు, చుయ్యిమని ఆవిరి లేస్తుంది. ఈనెల చీపురుతో ఒక్క ఊడ్పు ఊడుస్తాడు. వెంటనే పిండి. ఆ నీళ్లు రెండు పనులు చేస్తాయి. మాడిన పిండి తునకల్ని వదిలిస్తాయి, పలక పైభాగాన్ని మాత్రం కాసేపు చల్లబరుస్తాయి. పైభాగం చల్లబడింది కాబట్టి పిండి వెంటనే గడ్డకట్టకుండా గరిటె వెంట పల్చగా తిరుగుతుంది. లోపలున్న వేడి పది సెకన్లలో పైకి వచ్చి దాన్ని పట్టేస్తుంది. నాన్‌స్టిక్ మీద ఇదే పని చేయబోతే పిండి గరిటెను అంటుకుని మొత్తంగా కదిలిపోతుంది, పెనానికి పట్టు ఉండదు మరి. దోసెకు కావాల్సింది అసలు అంటుకోని పెనం కాదు. పోసేటప్పుడు పట్టుకుని, కాలాక వదిలేసే పెనం కావాలి.

ఇంట్లో చీపురు బదులు సగం కోసిన ఉల్లిపాయనో వంకాయ తొడిమనో నూనెలో ముంచి రుద్దుతాం. అట్టుకూ అట్టుకూ మధ్య ఆ నూనె పొర సన్నగా మళ్లీ పడుతుంది. అంటే మనం దోసెలు వేస్తున్నంతసేపూ పెనాన్ని బాగుచేస్తూనే ఉన్నామన్నమాట. వాడకమూ మరమ్మతూ ఒకే చేతి కదలికలో జరిగిపోయే వస్తువులు లోకంలో ఎన్ని ఉంటాయి? చపాతీల పెనం మీద దోసెలు వేయకూడదని పెద్దవాళ్లు అనేదీ ఇందుకే. చపాతీ పెనానికి నూనె లేని పొడి వేడి ఎక్కువగా తగులుతుంది, దులిపిన పిండి మాడి పడుతుంది, పొర ఎండిపోతుంది.

దోసె ఒక్కటే కాదు. దిబ్బరొట్టె మందపాటి ఇనప మూకుట్లో, మూత పెట్టి, సన్న సెగ మీద కాలితేనే అడుగున ఎర్రటి గట్టి చెక్కు కడుతుంది. ఆ చెక్కు కోసమే కదా పిల్లలు కొట్టుకునేది. కాకరకాయ వేపుడు, బంగాళాదుంప వేపుడు, దొండకాయ వేపుడు ఇనప బాండీలో వేగినట్టు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలో వేగవు. ముక్కలు వేయగానే బాండీ చల్లబడిపోదు కాబట్టి నీరు ఊరి ఉడికే లోపే వేగడం మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతం వాళ్లు బిలిగ్ అనే గుండ్రటి పోత ఇనప పలక మీద, చెక్క కర్రతో పిండిని తిప్పి పల్చటి అట్లు పోస్తారు. మన దోసె మాస్టరును తీసుకెళ్లి అక్కడ నిలబెడితే ఐదు నిమిషాల్లో పనిలో పడిపోతాడు.

నాన్‌స్టిక్ విషమనే మాట విషయానికొస్తే, నేను అంత దూరం పోను. టెఫ్లాన్ అని మనం పిలిచే పదార్థాన్ని 1938లో అమెరికాలో డూపాంట్ కంపెనీలో పనిచేసే రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుక్కున్నాడు. 1950లలో ఫ్రాన్స్‌లో దాన్ని వంట పెనాలకు పూయడం మొదలైంది. ఆ పూత పెచ్చు ఒకటి పొరపాటున కడుపులోకి పోయినా దేనితోనూ కలవకుండా బయటికి వచ్చేస్తుంది. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. ఒకటి వేడి. 260 డిగ్రీలు దాటాక పూత చెడడం మొదలవుతుంది, ఇంకా కాలితే దాని పొగ మనిషికి జ్వరం తెప్పిస్తుంది, పంజరంలోని పక్షుల్ని చంపేస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు ఇంకా జాగ్రత్తగా, 170 డిగ్రీలు దాటనివ్వొద్దన్నాయి. మనం దోసెకు కాల్చే పెనం ఆ గీత మామూలుగానే దాటుతుంది. రెండోది, ఆ పూత తయారీలో ఏళ్ల తరబడి వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనం. అది నేలలో, నీళ్లలో, మనుషుల రక్తంలో చేరి పోకుండా ఉండిపోయింది. 2019లో దాన్ని, ప్రమాదకర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చారు. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో పెట్టింది. ఇప్పటి పెనాల్లో అది వాడటం లేదంటున్నారు, సరే. అయినా నా అభ్యంతరం మారదు. అరిగిపోయిన ఆ పూతను మీరు గానీ నేను గానీ ఇంట్లో మళ్లీ వేసుకోలేం. గీత పడిందంటే ఆ పెనం కథ అయిపోయినట్టే, మళ్లీ కొనాల్సిందే.

ఐరన్ సంగతి ఇంకాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇది మన ఆడపిల్లల ఆరోగ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అంతకన్నా కాస్త ఎక్కువే. ఇనప పాత్రల్లో వండితే కూరలోకి ఐరన్ దిగుతుందన్నది నిజమే. ఇథియోపియాలో పిల్లల మీద చేసి 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చువేసిన అధ్యయనంలో, అల్యూమినియం కుండలో వండిన ఇళ్ల పిల్లల కన్నా ఇనప కుండలో వండిన ఇళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ ఎక్కువగా పెరిగింది. అయితే దిగే ఐరన్ అంతా ఒకేలా ఉండదు. పులుపు, నీరు, ఎక్కువసేపు ఉడకడం, ఈ మూడూ ఉంటే ఎక్కువ దిగుతుంది. టమాటా పప్పు, చింతపండు పులుసు లాంటివన్నమాట. సరిగ్గా ఆ వంటలే ఇనుములో నల్లగా తిరిగి, నాలుక మీద ఇనప వాసన వేస్తాయి, పెనం మీది పొరను కూడా తినేస్తాయి. బాగా నూనె పట్టిన పెనం మీద రెండు నిమిషాలు కాలే దోసెలోకి దిగే ఐరన్ చాలా తక్కువ. రుచికి మంచి పెనం, ఐరన్‌కు మంచి పెనం ఒకటి కాదు. రక్తం తక్కువుందని డాక్టరు మాత్రలు రాస్తే మాత్రలు వేసుకోవాలి. పెనం వాటికి తోడు మాత్రమే. తలసీమియా ఉన్నవాళ్లు, ఒంట్లో ఐరన్ ఎక్కువగా పేరుకునే జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఇనుములో పుల్లటి కూరలు వండుకోకపోవడం మంచిది.

బెండకాయ, వంకాయ, అరటికాయ ఇనప బాండీలో నల్లబడతాయని కొందరు భయపడతారు. వాటిలోని వగరు పదార్థాలు ఐరన్‌తో కలిసి అలా రంగు మారతాయి, అందులో ప్రమాదమేమీ లేదు. నూనె బాగా పట్టిన బాండీలో, నీళ్లు చల్లకుండా, మూత పెట్టకుండా వేపితే ఆ నలుపు కూడా చాలావరకు రాదు. పులుసుకు మాత్రం ఇనుము వద్దు. మన పాత వంటిళ్లలో పులుసుకు రాచిప్ప ఉండేది, పాయసానికి కళాయి పోసిన ఇత్తడి గిన్నె, వేపుడుకూ అట్టుకూ ఇనుము. అన్నీ ఇనుములోనే వండాలని పట్టుబట్టేవాళ్లు ఆ పాత వంటింటిని సరిగా చూసినవాళ్లు కారు.

ఇక అసలు పెద్ద అభ్యంతరం. నేను కొత్త పోత బాండీ కొని తెనాలి తీసుకెళ్లి చూపించినప్పుడు మా అమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, మళ్లీ గట్టు మీద పెట్టేసింది. "ఈ బరువు తప్పిందనే కదే ఆ రోజుల్లో సంతోషపడ్డాం. నువ్వు మళ్లీ డబ్బులు పోసి కొనుక్కొచ్చావా?" అంది. ఆ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆమె తరం ఇనుమును ఊరికే వదల్లేదు. కట్టెల పొయ్యి మసి, వానాకాలం తుప్పు, ఉమ్మడి కుటుంబానికి సరిపడా వేపుడు పట్టే మూకుడు బరువు, అవన్నీ ఆడవాళ్ల మణికట్ల మీదే పడ్డాయి. హిండాలియం బాండీలు, స్టీలు గిన్నెలు వచ్చినప్పుడు అవి వాళ్లకు నిజంగా ఊరట. ఆ ఊరటను చిన్నచూపు చూసి, పాతకాలమే గొప్పదని రాసేవాళ్లతో నేను కలవను.

కానీ అమ్మ వదిలించుకోవాలనుకున్నది బరువును. మందపాటి పోత ఇనుము ఒక్కటే దారి కాదు కదా. రెండు మిల్లీమీటర్ల కార్బన్ స్టీలు పెనం దోసెకు సరిపడా వేడిని దాచుకుంటుంది, ఒక చేత్తో లేస్తుంది. వేపుళ్లకు రేకు బాండీ ఇంకా తేలిక. నన్నడిగితే ఇంట్లో ఒకటే పోత వస్తువు ఉంటే చాలు. పొయ్యి మీది నుంచి పెద్దగా కదలని దోసె పెనమో, దిబ్బరొట్టె మూకుడో. ఎత్తి వంచాల్సినవన్నీ కార్బన్ స్టీలువే ఉండాలి. మోకాళ్లు, మణికట్లు నొప్పులున్న పెద్దవాళ్లకు పోత బాండీ కానుకగా ఇవ్వకండి. ఇంకొకటి, తుడిచి నూనె రాసి పెట్టే పని ఇంట్లో ఒక్కరి మీదే పడితే ఆ పెనం ఎక్కువ రోజులు నిలవదు. మా ఇంట్లో ఎవరు ఆఖరున దోసె వేసుకుంటే వాళ్లే పెనం తుడవాలి. పిల్లలకు కూడా అదే నియమం. పెనం నున్నగా ఉండటానికి దాన్ని మించిన కిటుకు నాకు తెలియదు.

సబ్బు తగిలితే పొర పోతుందన్న భయం కూడా వదిలేయొచ్చు. పూర్వం అంట్లు తోమింది బూడిదతో, కొబ్బరి పీచుతో. బూడిద క్షారం, అది పొరను నిజంగానే తినేస్తుంది. పాతకాలం సబ్బుల్లో కూడా కాస్టిక్ సోడా మిగిలి ఉండేది. అట్ల పెనాన్ని తోమకూడదు, తుడవాలి అనే నియమం ఆ రోజులకు అక్షరాలా సరైనది. ఇప్పటి గిన్నెల లిక్విడ్ ఒక చుక్క వేసి మెత్తటి స్పాంజితో కడిగితే పొరకు ఏమీ కాదు. నీళ్లలో నానబెట్టడం, తడిగా వదిలేయడం, ఈ రెండే దానికి శత్రువులు. కడగ్గానే పొయ్యి మీద ఒక నిమిషం పెట్టి ఆరబెడితే చాలు.

బాగుచేసుకోగలగడం అంటే ఏమిటో ఒకసారి మా ఇంట్లోనే చూశాం. పండక్కి వచ్చిన చుట్టం ఒకావిడ, మాకు సాయం చేద్దామని, నల్లటి దోసె పెనాన్ని స్టీలు పీచుతో కూర్చుని ఓపిగ్గా తోమి తెల్లగా చేసి బోర్లించింది. ఏళ్ల తరబడి పేరుకున్న పొర మధ్యలో పూర్తిగా పోయింది, తడికి అప్పుడే నారింజ రంగు తుప్పు చుక్కలు లేస్తున్నాయి. నాన్‌స్టిక్‌కు ఇదే జరిగితే చేయగలిగిందేమీ ఉండేది కాదు. దీన్ని మాత్రం ఆ సాయంత్రమే ఉప్పుతో రుద్ది, కడిగి, కాల్చి, మూడు విడతలు నూనె పట్టించాం. మర్నాడు పొద్దున్న పెసరట్లు కాస్త మొరాయించినా లేచాయి. తెల్లబడ్డ ఆ మధ్యభాగం నెల రోజుల్లో చుట్టూ ఉన్న నలుపులో కలిసిపోయింది.

దీనికన్నా పెద్ద రుజువు అమెరికాలో ఉంది. పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణంలో 1865లో మొదలైన గ్రిస్‌వోల్డ్ అనే కంపెనీ పోత పెనాలు చేసేది. 1957లో మూతపడింది. అది పోసిన పెనాలు మాత్రం ఇప్పటికీ చేతులు మారుతున్నాయి, వాటి మీద రోజూ వంట అవుతోంది, కొత్తవాటికన్నా ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లున్నారు. తయారుచేసిన కంపెనీ పోయి ఇన్ని దశాబ్దాలైనా పెనానికి ఏ లోటూ రాలేదు, ఎందుకంటే ఆ కంపెనీ నుంచి దానికి కావాల్సింది ఏమీ లేదు. విడిభాగాలు లేవు, పూత లేదు, సర్వీసు లేదు. టెనెసీ రాష్ట్రంలో 1896లో మొదలైన లాడ్జ్ కంపెనీ ఇంకా నడుస్తోంది. కొన్నవాళ్లు మొదటి రోజు పడే తిప్పలు తగ్గించడానికి 2002 నుంచి ఫ్యాక్టరీలోనే నూనె పట్టించి అమ్మడం మొదలుపెట్టింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లు చాలామంది ఆ పలకల మీదే వారాంతం దోసెలు పోసుకుంటున్నారు. ముందే నూనె పట్టించింది అని రాసి ఉన్నా దాన్ని మొదటి పూతగానే చూడాలి. మిగతాది మీరే కట్టుకోవాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి ఎక్కువ లేవు. పోత పెనమైతే చేత్తో తడిమి చూడండి. ఇసుక గరుకు మరీ ఎక్కువగా ఉంటే దోసె పిండి పల్చగా తిరగదు, నున్నగా చెక్కినది తీసుకోండి. కాడ కూడా అదే పోతలో వచ్చిందా, వేరేగా బిగించారా చూడండి. వేలితో కొడితే గణగణమని మోగాలి. బద్దగా మోగితే ఎక్కడో వెంట్రుక బీట ఉన్నట్టే. నల్ల రంగు పూసి అమ్మేవి కూడా ఉంటాయి, తెల్ల గుడ్డకు నూనె అద్ది గట్టిగా రుద్దితే రంగు దిగుతుంది, అలాంటిది వద్దు. కార్బన్ స్టీలు పెనమైతే గచ్చు మీద పెట్టి అది ఊగుతోందేమో చూడండి. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లకు రెండూ పనిచేస్తాయి కానీ, మొదటి ఐదు నిమిషాలు తక్కువ మీదే పెట్టాలి. ఒక్కసారిగా పెంచితే మధ్యభాగం ముందు వ్యాకోచించి స్టీలు పెనం ఉబ్బుతుంది, పోతది పగలనూ వచ్చు. వేల రూపాయలు పోయక్కర్లేదు. సంతలో దొరికే రేకు బాండీ, నూనె పట్టాక, ఖరీదైన బ్రాండు బాండీకి ఏమాత్రం తీసిపోదు.

తెచ్చిన మొదటి వారం దోసెలు వేయకండి. అప్పడాలు, వడియాలు వేయించండి, పూరీలు చేసుకోండి, బంగాళాదుంప వేపుడు నూనె కాస్త ఎక్కువే వేసి చేయండి, రెండు రోజులు ఉల్లిపాయ పకోడీలు వేయండి. టమాటా, చింతపండు, నిమ్మకాయ నెల రోజులు దాని దగ్గరికి రానివ్వకండి. తర్వాత పెసరట్టుతో మొదలుపెట్టండి. అది మినప దోసె కన్నా తొందరగా వదులుతుంది. అదీ అంటుకుంటే మంట తగ్గించి, ఉల్లిపాయతో ఇంకోసారి రుద్ది, పెనాన్ని ఒక నిమిషం అలా వదిలేసి మళ్లీ పోయండి.